ఆరో వరుసలో ప్రూట్

మళ్ళీ నీ పేరే ప్రూట్,
ఆరో వరుసలో,
పంటి కింద రాయిలా.

స్పీకర్లో అది వినపడగానే
పక్క సీటు ఆర్విల్ పల్లీల సంచి నాకేసి జరుపుతాడు,
చావింట్లో మంచినీళ్ళ గ్లాసు అందించినట్టు.

టొలీడో గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు
సీసాల తనిఖీ నా పని.
బెల్టు మీద నడిచొచ్చే సీసా వెనక దీపం,
సీసా ముందు నా కళ్ళు.
మెడ దగ్గర వెంట్రుకంత గీత ఉన్నా
వేలితో తోసేసేదాన్ని, తొట్టిలో భళ్ళుమనేది.
నూటికి మూడు పోతే కొలిమి మేస్త్రీకి చీవాట్లు.
నువ్వు నూటికి ఎనభై ఒకటి పోగొట్టి
మర్నాడు మళ్ళీ బెల్టెక్కి వస్తావు
ఇస్త్రీ చొక్కాతో.

మే నెలలో నీ పక్షానే ఉన్నాను.
చలికి వేళ్ళు కొంకర్లు పోయుంటాయిలే అన్నాను.
జూన్‌లో, ఇంట్లో పసిబిడ్డట, నిద్రుండదులే అన్నాను.
జులైలో బ్యాటు మార్చావు, గ్లోవులు మార్చావు,
ఉన్న నాలుగు మీసాలూ గీయించావు.
ఆఖరికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు
అంపైర్ వైపు తిరిగి చేతులు చాచావు చూడు,
అక్కడ తెగింది నాకు.

నా స్కోరు పుస్తకం చూద్దువు గాని, రా.
బ్యాటు ఊపి తప్పితే, కె అని రాస్తాం.
ఊపకుండా, బ్యాటుని భుజాన మోస్తూ
మూడో స్ట్రైకుని అతిథిలా సాగనంపితే
అదే కె ని తిరగేసి రాస్తాం.
నీ వరుస నిండా తిరగబడ్డ కె లే,
కాళ్ళు విరిగి గోడకానించిన కుర్చీల్లా.
మా మనవరాలు కీజియా ఒకటో క్లాసు.
పేరులో మొదటి అక్షరం తిరగేస్తోందని
టీచరు చీటీ పంపింది.
ఎక్కడ నేర్చిందో నాకు తెలుసు.
చెప్పలేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకే, అంటుంది చెల్లెలు.
నిజమే, నువ్వు ఇంటికెళ్ళి పడుకునుంటావు.
రాత్రి రెండింటికి వంటింట్లో
ఫ్రిజ్ తలుపు తీసి, ఆ వెలుగులో నిలబడి
ఏడో ఇన్నింగ్స్ వంపు బంతిని
గరిటెతో కొడుతుంటాను నేను.
ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు.

నిన్న తొమ్మిదో ఇన్నింగ్స్.
స్కోరు సమం. మూడు బేసుల మీదా మనవాళ్ళే.
ఇద్దరు ఔటు.
ఇంకెవరొస్తారు, నువ్వే.
నది మీంచి పురుగులు దీపాల చుట్టూ ముసిరాయి.
ఆర్విల్ టోపీ ముక్కు దాకా లాక్కున్నాడు.
మూడు బాల్స్, రెండు స్ట్రైకులు,
నా పెన్సిల్ అప్పటికే తిరగబడి ఉంది.
ఆఖరి బంతి మోకాలికి బెత్తెడు కిందగా వచ్చింది.
నువ్వు ఊపలేదు.
ఎప్పట్లాగే ఊపలేదు.
అంపైర్ చెయ్యి లేవలేదు.

నువ్వు మొదటి బేసుకి నడిచావు,
మూడో బేసువాడు ఇంటికి నడిచాడు,
ఎవరూ పరిగెత్తకుండానే గెలిచాం!
మందంతా వచ్చి నీ నెత్తిన ఐసు నీళ్ళు గుమ్మరించారు,
ఊరికే నిలబడ్డందుకు.
ఆర్విల్ నన్ను వాటేసుకున్నాడు, జుట్టు నిండా పల్లీ పొట్టు.
నేనూ అరిచాను, దాచను.
గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

కానీ ఒక్కటి చెప్పు.
ఆ బంతిని చూసి ఆగావా?
చేతులు కదల్లేదా?
పొద్దుట్నుంచి దీపం ముందు పెట్టి చూస్తున్నాను,
గీత ఉందో లేదో తేలడం లేదు.

సాయంత్రం ఆటకి కొత్త పేజీ తీశాను.
ఎనిమిది పేర్లు స్టేడియంలో, ప్రకటించాక,
పెన్సిల్‌తో రాస్తాను.
ఆరోది మాత్రం ఇంట్లోనే,
కాఫీ చల్లారకముందే,
పెన్నుతో రాసేశాను.