చి అంటే చేప

గవర్నర్‌పేట ప్రెస్సులో
శుభలేఖల అంచులు కోసే మిషన్ దగ్గర నా పని.
రోజూ ఊడ్చి పారేసే ముక్కల్ని
ఈ నెలంతా సంచిలో వేసుకుంటూ వచ్చాను.
సూరిబాబు గారు చూడనే చూశారు.
"అవీ కిలో లెక్కన పోతాయమ్మా" అన్నారు.
అని, గులాబీరంగు అట్టలు రెండు
తనే సంచిలో పడేశారు.

గురువారానికి హిమజకు ఐదేళ్ళు.
ఏం కావాలే అంటే
"ఇల్లంతా చేపలు" అంది.
మొన్న బ్యారేజీ గేట్లెత్తినప్పుడు
వాళ్ళ నాన్న భుజాలెక్కి చూసొచ్చింది లెండి,
అప్పట్నుంచీ మంచినీళ్ళ గ్లాసులో మూతి పెట్టి
బుడగలు ఊదుతోంది.

చిట్టినగర్ కొండ మీద మా ఇల్లు.
నూట నలభై రెండు మెట్లు.
బిందెడు నీళ్ళు ఎక్కించడానికే నడుం పడిపోయే చోటికి
ఇప్పుడొక సముద్రాన్ని ఎక్కించాలి.

మైదా ఉడికించాను.
చీమలు పట్టకుండా కాస్త మైలుతుత్తం వెయ్యమంది
పక్కింటి రహీమున్నీసా.
పిల్ల వేళ్ళు నోట్లో పెట్టుకుంటుందని మానేశాను.
పాత క్యాలెండరు అట్టతో ఒక చేప కోసుకుని
అదే అచ్చుగా
మూడు రాత్రుల్లో అరవై చేపలు.

పొలుసులన్నీ పెళ్ళిళ్ళే.
ఒకదాని తోకకి సగం వినాయకుడు,
ఒకదాని మొప్ప దగ్గర 'ఉదయం గం. 10',
ఒకదాని కడుపులో సరిగ్గా 'విందు'.
'బంధు' తెగిపోయి 'మిత్రుల అభినందనలతో'
ఈదుతోంది ఇంకోటి.

మా పెళ్ళికి కార్డు వెయ్యలేదు.
రిజిస్ట్రారాఫీసులో రెండు సంతకాలు,
బయటికొచ్చి చెరో నిమ్మకాయ సోడా.
ఎన్ని వేల పెళ్ళిళ్ళ అంచులు కోశానో ఈ చేతుల్తో,
ఒక్కదానికీ భోజనానికి వెళ్ళింది లేదు.

గురువారం.
ఊదిన పదకొండు బెలూన్లలో నాలుగు
రేకుల వేడికి మధ్యాహ్నమే పేలాయి.
దూలానికి దారాలు కట్టి చేపల్ని వేలాడదీసి
ఫ్యాను ఒకటి మీద పెట్టాం.
కదిలాయి.
అన్నీ ఒకే వైపు తిరిగి, మళ్ళీ అన్నీ ఇటు తిరిగి.
వాళ్ళ నాన్న గుమ్మంలో చెప్పులు విప్పడం మర్చిపోయి
నిలబడ్డాడు.

కేకు లేదు.
పళ్ళెంలో రవ్వకేసరి చేపలా ఒత్తి
జీడిపప్పు బద్దలు గుచ్చాను.
ఎండుద్రాక్ష కన్ను నాదంటే నాదని
మెట్లకింది పిల్లలు నలుగురు కొట్టుకుంటుంటే
పుట్టినరోజు పిల్ల మటుకు
మంచమెక్కి, మెడ పైకెత్తి, చదువుతోంది.

"అమ్మా, దీని మీద చి.
దీని మీద కూడా చి!"

బంగారు తగరం 'చి'.
ప్రతి శుభలేఖలో
పెళ్ళికొడుకు పేరుకి ముందొకటి,
పెళ్ళికూతురి పేరుకి ముందొకటి.
పేర్లు ఎక్కడో తెగిపోయి
నూరేళ్ళు బతకమన్న మాట ఒక్కటే మిగిలింది.

"చి అంటే చేప! పేర్లు రాశావా అన్నిటికీ?"

గుడి కాదే, ఏత్వం ఉండాలి అని
నోటిదాకా వచ్చింది.
పుట్టినరోజు పూట ఎందుకులే.
"ఆఁ, రాశాను" అన్నాను.

తెల్లారేసరికి చీమలొచ్చాయి, వరసగా, పిలిచినట్టు.
రహీమున్నీసా గుమ్మంలోంచి చూసి నవ్వింది.
ఇంకొకావిడ చూడండి,
ఊపిరాడట్లేదేమోనని
చేపల్ని ఆరింటిని డ్రమ్ములో వదిలేసింది.

మళ్ళీ పంపు వచ్చేది రేపు.
ఆ గులాబీ నీళ్ళతోనే అంట్లు తోమాను.
కేసరి పళ్ళెం అంచుకి
తగరం 'చి' ఒకటి అంటుకుంది.
పీచు దాన్ని తాకకుండా
చుట్టూ తోమి బోర్లించాను.