ఏడో తరగతి

కస్తెల్లమ్మారె నుంచి నేపుల్స్‌కి
ఏడుంబావు రైలు. నిలబడే చదువుకుంటాను.
అగ్నిపర్వతం కుడి కిటికీలో ఎక్కుతుంది,
ఏ స్టేషన్లోనూ దిగదు.

యూనివర్సిటీలో లిఫ్టు చేరని అంతస్తు.
స్వాహిలి నేర్చుకునేది నలుగురం:
జాంజిబార్ అమ్మాయిని ప్రేమించిన కుర్రాడు,
మిషన్ ఆసుపత్రికి వెళ్ళబోయే నర్సు,
మొంబాసా రేవులో చేపలు వేయించానని
రోజూ చెప్పే ముసలి ఓడ వంటవాడు,
నేను.
ఎందుకు చేరుతున్నావన్న గడిని
ఫారంలో ఖాళీగా వదిలేశాను.

టీచరు బీ మ్వనకొంబోది పెంబా దీవి.
ఏప్రిల్లో కూడా రెండు స్వెట్టర్లు.
"మా మాటలకు ఆడా మగా లేదు,
తరగతులుంటాయి" అంది.
మనుషులది ఒకటో తరగతి. చెట్లది మూడు.
కితి కుర్చీ, కిసు కత్తి, కితాన దువ్వెన,
'కి' తలపాగా చుట్టుకున్న
సామానంతా ఏడు.

ఆ బెంచీ చివర
ఒక మాట తలొంచుకుని కూర్చుంది.
కిజీవి.
చెవిటివాడు.

మా తమ్ముడు కతెల్లో ఓడల యార్డులో వెల్డరు.
చెవులకు డిప్పలు పెట్టుకోమని
ఫోర్‌మన్ పదకొండేళ్ళుగా వాడికి
సైగ చేస్తూనే ఉన్నాడు.
ఇంట్లో వాడి ఎదుటే వాడి సంగతి మాట్లాడతారు,
బీరువాని ఏ గోడకి జరపాలో
తేల్చుకుంటున్నట్టు.

అందుకేనేమో, పరీక్షలో
చెయ్యి దానంతటదే రాసేసింది:
కిజీవి కిమెఫికా.
చెవిటి వచ్చింది.

కాగితం తిరిగొచ్చింది.
రెండో 'కి' మీద ఎర్రగీత,
పైన ఒక్క అక్షరం, 'అ'.
కిజీవి అమెఫికా.
వచ్చాడు.

"పేరు సామాన్లలో ఉంది కదా!"
నా గొంతుకి వంటవాడు నిద్రలేచాడు.
"ఉంది. నడిచొచ్చేటప్పుడు మాత్రం మనిషే.
గుడ్డివాడూ అంతే, కుంటివాడూ అంతే."
"మరి అక్కడ కూర్చోబెట్టిందెవరు?"
"చిన్నప్పుడు నేనూ అడిగాను.
గురువుగారు చెవి మెలేశారు."
ఏ చెవో కూడా చూపించింది.
తర్వాత, సుద్ద దులుపుకుంటూ,
"భాషలదీ ఆ తరగతే, మర్చిపోకు.
కిస్వాహిలి. కిఫరాన్సా."

సాయంత్రం యార్డు గేటు దగ్గర
తమ్ముడి హెల్మెట్ తీసి
ఓడతాడు కట్టే గుంజకి తొడిగాను.
ఇది గుంజే, అన్నాను చేతులతో.
తీసి వాడి నెత్తిన పెట్టాను.
ఇది నువ్వే.
కాసేపు చూశాడు.
దీనికా ఫీజు కట్టింది? అన్నాడు.
నాన్నకి ముక్కు గిల్లడం,
అబద్ధానికి మోచెయ్యి గోకడం,
మేం పిల్లలప్పుడు కట్టుకున్న సైగల్లో
ఫీజుకి జేబు చింపుకోవడం.

రైల్లో నోటుబుక్కు అంచున రాసుకున్నాను:
కికతెల్లో.

గురువారం పుస్తకాలు దిద్దుతూ
ఎర్రకలం అక్కడ ఆగింది.
కొట్టెయ్యలేదు.
ఇది ఎంతమంది మాట్లాడతారు? అని
కింద రాసింది బీ మ్వనకొంబో.

వవిలి, అని రాసిచ్చాను.
రెండు కాదు.
ఇద్దరు.