సాక్షి దిమ్మె

మాణిక్యప్ప సారు నన్ను ఎన్నడూ కొట్టలేదు.
ఒక్క మాటన్నడు, అంతే,
ఎనిమిదిల, పరీక్ష పేపర్లు పంచుకుంట:
"మొగులమ్మా, నీకు లెక్కలెందుకే,
మీ అవ్వ లెక్క తట్ట మోస్తె సాలదా?"
ఒక్క వాక్యంల రెండు లెక్కలు.
క్లాసంత నవ్వింది.
నేను గూడ నవ్విన,
నవ్వకపోతే ఏడుస్తనని.

ఆ తర్వాత చివరి బెంచీ నా ఇల్లు.
తప్పు జవాబు కంటే
ఖాళీ కాగితమే ఇజ్జత్ అనిపించేది.

తహసీన్ టీచర్ కోస్గి నుంచి పొద్దటి బస్సుకు వచ్చేది.
చున్నీ అంచుకు ఎప్పుడూ సుద్దపొడి.
లెక్కల పీరియడ్ ఆమెది కాదు,
సారు ఎలక్షన్ డ్యూటీకి పోయిన వారం
ఆమె చేతిల పడ్డం.
ఘనపరిమాణం అని బోర్డు మీద రాసి
ఎందుకో తుడిచేసింది.
"మీ ఇండ్లల్ల మట్టి పనికి పోయేటోళ్లు ఎవరు?"
ఒక్క చెయ్యి లేవలేదు.
ముప్పై ఎనిమిది మందిమి.
ముప్పై ఇండ్లకు ఆ పూట తాళాలే,
పెద్దోళ్లు ఎక్కడో ఏదో కాలువ తవ్వుతున్నరు.

"నాకు తెల్వక అడుగుతున్న" అన్నది,
"మట్టి ఎత్తుకపోయినంక
ఎంత లోతు తవ్విండ్రో మేస్త్రీకి ఎట్ల తెలుస్తది?"

టీచరుకు తెల్వదంట!
నన్ను అడగకుండనే నా నోరు లేచింది.
"గుంత నడుమ సాక్షి దిమ్మె ఇడిసిపెడ్తరు టీచర్.
దాని నెత్తి మీద పాత గడ్డి అట్లనే ఉంటది.
ఆడికెల్లి కిందికి టేపు ఇడుస్తరు.
మేస్త్రీ టేపు జరంత వంకర పడ్తడు,
గుంతకు జానెడు మింగుతడు.
చదువు రాకున్నా మా అవ్వ పట్టేస్తది."
"జానెడు మింగితే ఎంత పోతది?"
సుద్దముక్క నా చేతుల పెట్టింది.

పది అడుగులు, పది అడుగులు, ముప్పావు అడుగు.
డెబ్బై అయిదు.
బోర్డు మీద నా అంకె,
మా అవ్వ ఒక పూట చెమట.

టీచర్ శభాష్ అనలేదు.
"మళ్లొకసారి మెల్లగ చెప్పు, రాసుకుంట" అని
తన నోటుబుక్కు తెరిచింది.
నా మాటను ఒకరు రాసుకున్నది
అదే మొదటిసారి.

ఇప్పుడు నేను సర్వేయర్ని.
మొన్నొక గట్టు పంచాయితి,
దరఖాస్తు మీది పేరు చూసి చేతులు సల్లబడ్డయ్.
సారే. మోకాళ్లు పట్టినయ్, కట్టె పట్టుకున్నడు.
గొలుసు పరిచి హద్దు చూపెడ్తే
నా పేరడిగి, బడి పేరడిగి
పక్క చేనోళ్లను పిలిచి మరీ చెప్పిండు:
"నా బిడ్డ! నా దగ్గర్నే నేర్చింది లెక్కలు!"
ఆ కండ్లల్ల నీళ్లు అబద్ధం కాదు.
ఆ మాటే ఆయనకు యాదిలేదు.
ఎంత లోతు తవ్విండో చెప్పే దిమ్మె
నా నడుమ ఉన్నది, ఆయనకు అగుపడది.
చాయ్ తాగిన. హద్దురాయి నాటిచ్చిన.

ఇది ఇక్కడ అయిపోతే బాగుండు.

పోయిన నెల, చైన్‌మన్ నర్సప్ప కొడుకు
నక్ష తలకిందులు పట్టుకున్నడు.
"నీకెందుకురా ఇది, మీ నాయిన లెక్క..."
సగం దాక వచ్చింది నా నోట్లెకెల్లి.
అదే సాగదీత.
పిలగాడు నవ్విండు.
ఆ నవ్వు నాకు ఎరికే.

నక్ష గుంజుకోలేదు.
"నాకు తెల్వక అడుగుతున్న" అన్న,
"ఉత్తరం ఎటున్నదో నువ్వెట్ల కనిపెడ్తవ్?"
వాడు పొద్దు దిక్కు చూసిండు,
తుమ్మ చెట్టు నీడ చూసిండు,
శానా సేపు ఏమనలేదు.
నేను టేపు చుట్టుకుంట
ఎండల నిలబడ్డ.