మిగిలిన గేర్లు

వారం నుంచి నల్లా రాని వాడకట్టుకు
మద్దిలేటి ట్రాక్టర్ మీద పడవ తెచ్చిండు.
కొల్లాపూర్ల మా గల్లీ ఇరుకు.
మలుపు కాడ దాని ముక్కు తిరగక
బాలకిష్టమ్మ గోడకు నాలుగు పెచ్చులు ఊడినయి.
"నీళ్ళెక్కడ్నో, పడవిక్కడ" అన్నదామె.
నేనేమనలేదు.
అంటే, ఆమె ముందర అనలేదు.

వేలంపాటల ఏడువేలంట.
చేపలకు పోతడంట, మనుషుల్ని దాటిస్తడంట,
రోజుకొక కారణం.
అడుగున మూరెడు పగులు,
పలక కింద ఎలుక ఈనిన గుర్తు,
వెనుక ఇంజన్ బిగించే చెక్క
గోరు పెడితే నానిన అటుకుల్లెక్క రాలింది.
పాత పెట్రోల్ ఇంజన్ సంగతి చెప్పొద్దు.
పిస్టన్ సిలిండర్‌ను కరుచుకొని సచ్చింది,
సుత్తెతో అడిగినా విడువలే.

గీకుతుంటె రంగులు పొరలు పొరలు.
పైన నీలం, దాని కింద తెలుపు,
తెలుపు కింద బెల్లం రంగు.
ఎవరెవరో, ఎన్నిసార్లో,
"ఇగ కొత్తదే" అనుకున్నరు.

నేను బట్టలు కుట్టేదాన్ని.
ఆయన ఫైబర్ మాట్‌ను నాలుగు మూలల ముక్కలు కోస్తుంటె
చూడబుద్ధి గాలె.
మూలలున్న అతుకు మూలకాడ్నే లేస్తది,
జాకెట్ చంకకు మాసిక వేసిన ప్రతిదానికీ తెలుసు.
కత్తెర గుంజుకొని గుండ్రంగ కోసిన,
చిన్నది, దాని మీద పెద్దది, దాని మీద ఇంకా పెద్దది.
గాజుదారం నా కత్తెర పదును తినేసింది.
అదీ పెండ్లిళ్ళ సీజన్ల.
ఆ సంగతి ఇప్పటికీ మాఫ్ చెయ్యలే.

రెసిన్ల హార్డ్‌నర్ చుక్కల లెక్క.
మొదటినాడు నలభై మూడు ఎండల
అర మూత ఎక్కువైంది,
మగ్గు పొగలు కక్కి చేతులనే రాయైంది.
అప్పటి నుంచి పొద్దుగాల నాలుగింటికి లేచినం.
టార్చి నేను పట్టిన.
మెడ దురద, మోచేతులు దురద,
కప్పుకున్న దుప్పటికీ దురద.
కొబ్బరినూనె పూసి చన్నీళ్ళు పోసుకోమన్నడు ఖాజామియా.
చన్నీళ్ళేడియి?
మళ్ళ బాలకిష్టమ్మనే రెండు బిందెలిచ్చింది.

ఇంజన్ ఖాజామియా తుక్కు కొట్టుది.
పెబ్బేరు రోడ్డు మీద పదేండ్లు
పదకొండు మందిని కుక్కుకొని
దగ్గుకుంట తిరిగిన ఆటోది, డీజిల్.
"నాలుగు గేర్లు, ఒక రివర్స్" అన్నడు
పిల్లను చూపెట్టినట్టు.
నీళ్ళ మీద ముందుకొకటి, వెనక్కొకటి చాలు.
మిగిలిన మూడేంజేయాలె?
"ఉండనీ, కూడు తింటయా" అన్నడు మద్దిలేటి.

షాఫ్టుకూ ఇంజన్‌కూ నడుమ సందు
చుట్టూ ఒక్కతీరుండాలంట.
కొలిచే గేజి లేదు, సగం బ్లేడు ఉంది.
పైన దూరింది, కింద దూరలే.
నూనెడబ్బా రేకులు కోసి కోసి పెట్టి
రెండు రాత్రులు అదే పని.

మూడో రాత్రి లోపలి పక్క గీకుతుంటె
పాత అతుకు మీద ఒక ముద్ర కనవడ్డది.
ఎవరిదో బొటనవేలు.
ఆరిందా అని నొక్కి చూసినట్టున్నరు,
గీతకు గీత అట్లనే ఉన్నది.
నా వేలు పెట్టి చూసిన.
నాదాని కంటె చిన్నది.
ఆయన గీకుడు కాగితం తెస్తుంటె
"అది మనది గాదు, ముట్టకు" అన్న.

సోమశిల ఘాటుల దించిన నాడు
అందరు కృష్ణను చూసిన్రు, నేను నా అతుకును.
పొడిగనే ఉన్నది.
షాఫ్టు కాడ గ్రీజుతాడులకెళ్ళి మాత్రం
నిమిషానికి నాలుగైదు చుక్కలు.
"గంత కారాలె, కారకుంటె కాలుతది" అన్నడు ఖాజా.
నమ్మిన.
నమ్మి, కింద గిన్నె పెట్టిన.

ఇంజన్ దగ్గింది, తుమ్మింది,
సవారీ కనవడ్డట్టు ఒక్కసారి ఉరికింది.
నడి నీళ్ళకు పోయినంక
మద్దిలేటి హారన్ కొట్టిండు.
అదెప్పుడు బిగించిండో నాకు తెల్వదు.
ఎదురుంగ ఒక్క బండి లేదు.
నీటికాకులు నాలుగు లేచి
తిట్టుకుంట కర్నూలు దిక్కు పోయినయి.
"ఎవరికయ్యా ఆ హారన్?"
"నాకు గాదు, ఇంజన్‌కు అలవాటు" అన్నడు.

నేను గిన్నె ముందర కూసొని
చుక్కలు లెక్కవెడుతున్న.
ఇరవై మూడు.
ఇరవై నాలుగు.