రంగు అన్న గడి

మా కాలేజీ మొక్కల బీరువాలో
మూడో అరన ఒక అట్ట.
పేరు లేదు. ఊరు మాత్రం ఉంది:
ఖాజాగూడ గుట్ట, ఫాల్గుణం.
రాత మొహియుద్దీన్ సారుది. సారు ఇప్పుడు లేరు.
పువ్వు చాయ్ మరకలా మిగిలింది.

పాత పేపర్లో చుట్టి
సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
బ్రేకు పడ్డప్పుడల్లా
పేపరు చీల్చుకుని తొడకు గుచ్చింది
నలభై ఏళ్ల కింద ఎండిన ముల్లు.
"ఇంకా పోలేదా నీ పొగరు" అన్నాను.
పక్క సీటాయన నన్నే అనుకున్నాడు, నన్ను కాదనుకున్నాడు,
కొంచెం జరిగాడు.

గుట్ట సగమే ఉంది.
మిగతా సగం కంకరై ఎవరి స్లాబులో పడుకుందో.
రాయికీ రాయికీ నడుమ ఎండుగడ్డి,
హోలీ రంగు పొట్లాలు, బీరు మూతలు.
వంగి వంగి వెతికాను.
ఇది గడ్డిచేమంతి, ఎక్కణ్ణుంచో వచ్చి దిగింది, కాదు.
ఇది వెంపలి, దాని కాయ చిక్కుడు పోలిక, కాదు.

అప్పుడు,
ఎవరో ఒకరు తొక్కుతారని ముందే తెలిసినట్టు
నేలను కరుచుకుని:
ఆకు పైన ముల్లు, ఆకు కింద ముల్లు,
ఈనె వెంబడి వరస ముళ్లు,
నడుమ ఒక్కటే పువ్వు.

అట్ట విప్పి పక్కన పరిచాను.
సారు నేర్పినట్టే లెక్కపెట్టాను.
రెక్కలు అయిదు, మొదట్లో అతుక్కునే ఉన్నాయి.
నడిమధ్య పసుపు కేసరాలు
ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నాయి.
కాయ గోలీ అంత, తెల్లచారల ఆకుపచ్చ.
వంకాయకు చుట్టమే,
కానీ వంగపువ్వు తల వంచుకుంటుంది,
ఇది నా మొహంలోకే చూసింది.

మేకలు తోలుకొస్తున్న రుక్కవ్వ ఆగింది.
"వాకుడు గదా బిడ్డా. పంటి పురుగుకు
దీని గింజల పొగ పడ్తరు.
నా పెండ్లికి ముంగట పట్టిన.
పన్ను పోయింది, పురుగు పోలే."
నవ్వితే ఆ ఖాళీ కనబడింది.

మా అమ్మ దీన్నే నేలములక అనేది.
లాటిన్‌లో మూడు పేర్లున్నాయి,
ఏది ఖరారో పుస్తకానికో తీరు.
అట్ట మీద పేరుకు ఒక్కటే గడి.
దాని కింద రంగు అన్న గడి,
అదీ ఖాళీ.
ఇంత కళ్ల ముందున్నది
ఎవడు మరిచిపోతాడులే అనుకున్నారేమో సారు.

పెన్సిలు తీసి ముందు అదే నింపాను:
ఊదా.
చోటు లేకపోయినా అంచున ఇరికించాను:
ఏడున్నర ఎండలో,
మేక మూతి పెట్టి వదిలేశాక.