దక్షిణాన చేరెడు ఆకాశం

డిష్ బిగించడానికి వచ్చిన కుర్రాడు
అరచేతిలో దిక్సూచి పెట్టుకుని
మా వ్యాసర్పాడి ఆకాశాన్ని
పాత సామాను బేరమాడేవాడిలా ఎగాదిగా చూశాడు.
"దక్షిణం ఖాళీగా ఉండాలి సార్, అంతే."

దక్షిణాన ధనకోటి గారి నీళ్ల ట్యాంకు.
దాని పక్కన ఆయన మునగచెట్టు.
రెండింటి నడుమ
చేరెడు నీలం.
చాలన్నాడు.
ముప్పై ఆరు వేల కిలోమీటర్ల అవతల
కదలకుండా నిలబడ్డదానికి
ఆ సందు చాలునట.
ఈ రెండు గదులకే
పది నెలల అడ్వాన్సు కట్టినవాణ్ణి,
నమ్మబుద్ధి కాలేదు.

కుర్రాడు మేడ మీద,
నేను టీవీ ముందు,
ఇందుమతి మెట్ల మధ్య.
"వచ్చిందా?"
"నలభై!"
"ఇప్పుడో?"
"అరవై... ఆగాగు, పోయింది!"
మా ఇద్దరి కేకలూ తనే మోసింది
పైకీ కిందకీ,
విసుగొచ్చినప్పుడు ఒకటి రెండు అంకెలు
తన సొంతవి కూడా కలిపి.

డెబ్బై ఎనిమిది దగ్గర
తెలుగు దిగింది.
ఒకటా రెండా, పన్నెండు ఛానళ్లు!
గుత్తివంకాయలో కారం కూరుతూ ఒకావిడ,
మిర్చి యార్డులో ధర చెబుతూ ఒకాయన,
ఊరికే పోట్లాడుకుంటూ నలుగురు.
ఆ పోట్లాట కూడా
కాసేపు కూర్చుని విన్నాం.

కేబుల్లో మాకున్నది ఒకటే,
తొంభై మూడో నంబరులో,
ఎప్పుడూ వానలో తడుస్తున్నట్టుండేది.
ఏళుమలైకి చెబితే
"తెలుంగు దానే అక్కా, వరుం వరుం" అనేవాడు.
నాలుగేళ్లుగా వస్తూనే ఉంది.

లెక్క నేనూ వేశాను.
కేబుల్ నూరు.
ఇది నూట ఎనభై, పెట్టె ఖర్చు వేరే.
ఇక్కడ గడువు దాటితే
తెర మీద ఒక వాక్యం మర్యాదగా వచ్చి
బొమ్మ నిలిచిపోతుంది.
ఏళుమలై అయితే
అట్ట కార్డు మీద సున్నా చుట్టి
"అడుత్త మాసం" అంటూ సైకిలెక్కేవాడు.
ఇందుమతికి ఆపరేషనైనప్పుడు
వరసగా రెండు సున్నాలు.
వాటి సంగతి తర్వాత
వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వాడికో సొంత ఛానల్ ఉండేది.
పాత సినిమాలూ, బంగారు కొట్ల ప్రకటనలూ.
మా హిమజ ఆరో పుట్టినరోజున
ఫొటో కింద "ఇమజ" అని రాసి
పొద్దుట్నుంచి రాత్రిదాకా తిప్పాడు.
మర్నాడు కిరాణా కొట్టు ఆయన
"ఇమజా" అని పిలిచి చాక్లెట్ ఇచ్చాడు.
ఈ పన్నెండింటిలో
దాని పేరు తప్పుగానైనా రాసేవాళ్లు లేరు.

వెళ్లే ముందు కుర్రాడు
నల్ల తీగని కటింగ్ ప్లేయరుతో తెంపి
"ఇది ఇక వేస్టు సార్" అన్నాడు.
ఇందుమతి దాన్ని లాగి పిట్టగోడకి కట్టి
చీరలు ఆరేసింది.

ఒకటో తారీఖున ఏళుమలై వచ్చాడు.
తలెత్తి చూశాడు.
డిష్ వాడి వైపు చూడలేదు,
దాని చూపంతా దక్షిణమే.
మంచినీళ్లు తాగాడు.
"తీగ తీసుకుపోదామని వచ్చాను.
తడి బట్టలున్నాయిగా,
ఆరాక వస్తాలే అక్కా" అని
అరవం కలిపిన తెలుగులో చెప్పి వెళ్లాడు.

ఆ రాత్రే ఐప్పసి వాన పట్టుకుంది.
వార్తలు చదివే అమ్మాయి
నోరు తెరిచిన చోటే గడ్డకట్టింది.
సిగ్నల్ లేదు.
వానకి భయపడే గొడుగు
వ్యాసర్పాడిలో మాదొక్కటే.
గోడవతల ధనకోటి గారింట్లో
ఏదో ఫైటు నడుస్తోంది, దుమ్ము లేచేలా.
హిమజ తువ్వాలు నెత్తినేసుకుని
అటు పరిగెత్తింది.

వాన వెలిసింది, బొమ్మ వచ్చింది గానీ
డెబ్బై ఎనిమిది కాస్తా అరవై నాలుగైంది.
మేడెక్కి చూస్తే
నాలుగు రోజుల్లో మూడడుగులు సాగిన మునగకొమ్మ
సరిగ్గా ఆ చేరెడు సందులో
నీళ్లు కారుస్తూ ఊగుతోంది.

కొమ్మ కొట్టమని ఆయన్ని అడగాలి.
ఇంకా సినిమా అవలేదు.