పద్నాలుగో భాగం తరువాత

యూకాన్ నది మీద ఆఖరి రేవు మాది.
దక్షిణాది వాళ్ళు రెండేళ్ళ కిందట చూసి మరిచిపోయిన బొమ్మ
మా దగ్గరికి కొత్తగా వచ్చేది,
గీతలు పడి, అతుకులు పడి,
ఎవరిదో వేలిముద్ర ఆకాశంలో మబ్బయి.

శనివారానికి ఒక భాగం.
ఎల్డన్ పిడి తిప్పేవాడు.
చలికి అతని వేళ్ళు కొంకర్లు పోతే
కోరా గుర్రం కూడా నెమ్మదించేది.
నేను ముందు బెంచీ ఎక్కి
తెర మీది అక్షరాలు గట్టిగా చదివేదాన్ని:
ముందు ఇంగ్లీషులో, తరువాత మా అమ్మ నార్వే మాటల్లో,
చివర గనివాళ్ళ కోసం వచ్చీరాని క్రొయేషియన్‌లో.
పదకొండేళ్ళు నాకు. కూలి ఐదు సెంట్లు,
ఎల్డన్ మనసు బాగుంటే ఒక ఎండుచేప.

ఏడో భాగంలో కోరాను పెట్టెలో పెట్టి సముద్రంలో వేశారు.
తొమ్మిదిలో రంపపు మిల్లు.
పన్నెండులో సింహం. ముసలిది పాపం, ఆవలించింది.
అయినా అరిచాం.

పద్నాలుగులో కొండ అంచు.
వేళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి.
ఎడమ కాలి బూటు గాలిలో,
ఊడిన లేసు ఊగుతూ.
‘తరువాయి వచ్చే వారం’ అని చదివాను
మూడు భాషల్లో.

ఆ మంగళవారం నది గడ్డకట్టింది.

పదిహేనో భాగం, పిండి బస్తాలు, ఉత్తరాలు,
పడవ బాయిలర్‌లో కట్టెలు వేసే స్టిపాన్,
అన్నీ కింది మలుపులో ఎక్కడో చిక్కుకున్నాయి.
చిక్కుకున్నాయనే అనుకున్నాం.

ఏడు నెలలు వేలాడింది కోరా.
తాడు వస్తుందని వడ్రంగి పందెం,
గుర్రం తోక అందిస్తుందని పిల్లల పందెం.
పాస్టరు ప్రార్థనలో ఒకసారి నోరు జారి
ఆమె పేరు వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు.
స్టిపాన్ భార్య యాగోడా ఊరి బట్టలు ఉతికేది.
ఆరేసిన దుప్పట్లు రేకుల్లా బిగుసుకుంటుంటే
నన్ను ఆపి అడిగేది:
‘ఎడమ కాలి కింద ఏమీ లేదు కదూ?’
‘లేదు.’
‘సరిగ్గా చూశావా?’
‘గాలే.’

మే నెలలో మంచు ఫిరంగిలా పేలింది.
పడవ వచ్చింది. రేకు డబ్బా వచ్చింది.
సరంగు టోపీ తీసి చేత్తో పట్టుకుని
యాగోడా ఇంటి వైపు నడిచాడు.

శనివారం ఆమె వచ్చింది.
నానిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

దీపం వెలిగింది. కోరా కాలి కింద
మూరెడు వెడల్పున రాతి మెట్టు!
పుట్టినప్పటి నుంచీ దాని మీదే నిలబడినట్టు నిలబడి ఉంది.
పైనుంచి ఒక చెయ్యి, ఒక మీసం, ఒక ముద్దు.
అర నిమిషం పట్టలేదు.
హాలంతా ఈలలు.

అప్పుడు అక్షరాలొచ్చాయి:
‘ప్రియా, నీ పాదాల కింద నేల ఎప్పుడూ ఉంది,
నువ్వే చూసుకోలేదు.’
ఇంగ్లీషులో చదివాను.
అమ్మ భాషలో చదివాను.
మూడోసారికి నాలుక పిడచగట్టింది.
యాగోడా తెరను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

‘అక్కడ ఏమీ లేదు’ అని చదివాను,
‘అయినా నిలబడింది.’

ఆమె తల ఊపింది.
వెనక బెంచీలో ఇంగ్లీషు వచ్చిన గనివాడొకడు
దగ్గి, ఊరుకున్నాడు.

తిరుగు కిరాయి దండగని కంపెనీ రాసింది.
ఎల్డన్ పదిహేను డబ్బాలూ నదికి ఇచ్చేశాడు.
ఆ వేసవి యాగోడా పెరట్లో
దుప్పట్ల కోసం ఇంకో తాడు కట్టింది.
గట్టిగా ఉందో లేదో
రెండు చేతులతో దాన్ని పట్టుకుని
కాసేపు వేలాడి చూసింది.